బానెట్ కింద శుభ్రత: నీళ్లు తక్కువ, చూపు ఎక్కువ

(హనుమకొండలో ఒక కాలనీ సమావేశంలో కారు యజమానులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, సోదరీ సోదరులకు నమస్కారం. ఇంటి దగ్గర మన చేతులతోనే కారు ఇంజిన్ భాగాన్ని ఎలా శుభ్రం చేసుకోవాలో, ఎక్కడ ప్రమాదం పొంచి ఉంటుందో ఈ రోజు వివరంగా చెప్పాలని వచ్చాను. మనలో చాలామంది కారు పైభాగాన్ని పొద్దున్నే తుడుస్తారు. బానెట్‌ను మాత్రం సర్వీసింగ్ రోజున మెకానిక్ తెరిచేదాకా తెరవరు. ఇంకొందరు వాటర్ సర్వీసింగ్ కేంద్రానికి తీసుకువెళ్లి, ఇంజిన్ మీద డీజిల్ కొట్టించి, ప్రెషర్ పైపుతో కడిగించి, తళతళలాడుతోందని సంతోషపడతారు. మొదటి పద్ధతిలో రోగం దాగిపోతుంది, రెండో పద్ధతిలో కొత్త రోగం వస్తుంది. ఈ రెండింటికీ నడుమ ఒక దారి ఉంది. బ్రష్షు, గుడ్డ, కొద్దిపాటి తడి, కావలసినంత ఓపిక ఉంటే చాలు. ఇంజిన్‌ను శుభ్రం చేయడం వల్ల వచ్చే అసలు లాభం దాని స్థితి మన కంటికి కనిపించడమే అని నేను గట్టిగా నమ్ముతాను. నేను చెప్పబోయే జాగ్రత్తలన్నీ ఆ నమ్మకం నుంచి వచ్చినవే.

ముందుగా మన ప్రాంతపు దుమ్ము గురించి చెప్పాలి, ఎందుకంటే ఏ మురికి పట్టిందో తెలియకుండా దాన్ని వదిలించే పద్ధతి తెలియదు. కరీంనగర్ వైపు, వరంగల్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల దారుల్లో తిరిగే కారులో బూడిదరంగు రాతిపొడి చేరుతుంది. ఇది గరుకైనది, పొడిగుడ్డతో రుద్దితే ప్లాస్టిక్ మీద గీతలు పడతాయి. భూపాలపల్లి, గోదావరిఖని, మంచిర్యాల వైపు వెళ్లివచ్చే బండ్లలో బొగ్గు పొడి ఉంటుంది. ఎర్రచెల్క నేలల మట్టిరోడ్ల మీద నడిచే బండిలో సన్నని ఎర్రమట్టి, జిడ్డు తగిలిన ప్రతిచోటా ముద్దగా గట్టిపడుతుంది. ఇక పత్తి ఏరే కాలంలో ఎనుమాముల మార్కెట్ దారిలోనో, జిన్నింగ్ మిల్లుల పక్కనో తరచుగా తిరిగితే దూది పోగులు రేడియేటర్ రెక్కల్లో చిక్కుకుంటాయి. వరికోతల కాలంలో ఊక, పొట్టు చేరతాయి. వీటిలో పొడి దుమ్మును ఊడ్చవచ్చు, జిడ్డుమట్టిని మాత్రం కరిగించాలి, దూదిని చేత్తో తీయాలి. అన్నింటికీ ఒకే మందు అన్నట్టు నీళ్లు కొట్టడం వల్ల దుమ్ము బురదై సందుల్లోకి దిగుతుంది తప్ప బయటికి పోదు.

ఇంజిన్ చల్లారకుండా పని మొదలుపెట్టకూడదు. నడిచి వచ్చిన బండిలో ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, సుమారు 90 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటుంది, పొగగొట్టం మొదలయ్యే మానిఫోల్డ్ దగ్గర వేడి కొన్ని వందల డిగ్రీలకు చేరుతుంది. ఎర్రగా కాలిన పెనం మీద చన్నీళ్లు చల్లితే ఏమవుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. పోత ఇనుము, అల్యూమినియం భాగాలు కూడా అలాంటి హఠాత్తు చల్లదనానికి బీట వారే అవకాశం ఉంది. దీనికి తోడు, వేడి మీద చల్లిన డిగ్రీజర్ (జిడ్డును కరిగించే మందు) క్షణాల్లో ఎండిపోయి మరకగా మిగులుతుంది. కూలెంట్ మూతను వేడిగా ఉన్నప్పుడు తెరిస్తే లోపలి ఒత్తిడికి మరిగే ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది. మే నెలలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీలకు చేరే రోజుల్లో నడపని బండి కూడా ఎండలో కాలిపోతూ ఉంటుంది కనుక, రాత్రంతా నిలిపి ఉంచిన బండిని సూర్యుడు పైకి రాకముందే శుభ్రం చేయడం మేలు.

తాళంచెవిని తీసి ఇంట్లో పెట్టండి. బటన్ స్టార్ట్ బండ్లయితే రిమోట్ తాళాన్ని కారుకు దూరంగా ఉంచండి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపిన తరువాత కూడా రేడియేటర్ ఫ్యాన్ దానంతట అదే తిరగవచ్చు. చున్నీ, కొంగు, కండువా, చేతి గొలుసు, ఉంగరం వంటివి లేకుండా పని చేయాలి. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు ఉండాలి. రాతిపొడిలోని సిలికా ఊపిరితిత్తులకు మంచిది కాదని క్వారీ పనివారి ఆరోగ్యం చూసినవారికి చెప్పనక్కర లేదు. చిన్నపిల్లలను దగ్గరికి రానివ్వకండి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉండి ప్రాణం తీసే విషం. అది కింద కారితే వెంటనే తుడవాలి, లేకపోతే వీధికుక్కలు నాకుతాయి.

ఇప్పుడు అన్నింటికన్నా ఎక్కువగా నన్ను కలవరపెట్టే విషయానికి వస్తాను, అది నీటి ఒత్తిడి. కార్బ్యురేటర్ ఉన్న అంబాసిడర్, పాత మారుతి 800 కాలంలో ఇంజిన్ మీద పైపు పెట్టి కడిగేవారు. స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోకి నీళ్లు పోయి బండి మొరాయిస్తే మూత తీసి తుడిచి మళ్లీ నడిపేవారు. ఇప్పటి బండి అటువంటిది కాదు. ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లు, స్పార్క్ ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్స్, రకరకాల సెన్సార్లు, వాటన్నింటినీ నడిపే ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాక, ముఖ్యంగా డీజిల్ బండ్లలో, ఈ సెన్సార్ల సంఖ్య మరింత పెరిగింది. వీటిని కలిపే కనెక్టర్లకు రబ్బరు సీళ్లు ఉంటాయి, వాన చినుకులకు, రోడ్డు మీది తుంపరలకు అవి తట్టుకుంటాయి. దగ్గరి నుంచి గురిపెట్టి కొట్టే నీటి ధారకు తట్టుకునేలా అవన్నీ తయారైనవి కావు. లెక్క చూడండి. పది మీటర్ల ఎత్తున్న నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది, అంటే రెండంతస్తుల ఇంటి మీది ట్యాంకు నుంచి కుళాయికి వచ్చే ఒత్తిడి ఒక బార్‌కు అటూ ఇటూ మాత్రమే. ఇళ్లలో వాడుకోవడానికి అమ్మే ప్రెషర్ వాషర్ 100 బార్లకు పైగా ఇస్తుంది. ఆ ధార తగిలితే సీలు పక్కకు జరిగి నీరు లోపలికి పోతుంది. ఆ రోజు ఏమీ కాకపోవచ్చు. కొన్ని వారాల తరువాత లోపలి రాగి పిన్నులకు పచ్చని చిలుము పట్టి, కారణం తెలియని లోపాలు మొదలవుతాయి. అప్పుడు ఎవరూ ఆనాటి కడుగుడును గుర్తు చేసుకోరు. చాలా కంపెనీల యజమాని పుస్తకాలలో ఇంజిన్ మీద అధిక ఒత్తిడితో నీరు కొట్టవద్దని రాసి ఉంటుంది. మీ బండితో వచ్చిన ఆ పుస్తకంలో ఆ పేజీ వెతికి చదవండి.

డీజిల్, పెట్రోలు, కిరసనాయిలు ఈ మూడింటినీ ఇంజిన్ మీద చల్లడం మానుకోవాలి. జిడ్డు సులభంగా వదులుతుందనే మాట నిజమే. కానీ అవి రబ్బరు గొట్టాలను, బుష్షులను ఉబ్బించి మెత్తబరుస్తాయి, సందుల్లో ఇంకి ఉండి, వేడి తగిలినప్పుడు ఆవిరై నిప్పుకు కారణమవుతాయి. పెట్రోలు ఆవిరికి ఒక చిన్న నిప్పురవ్వ చాలు. అలాగే బాత్‌రూమ్ కడిగే యాసిడ్ అల్యూమినియాన్ని తినేస్తుంది. బట్టల సబ్బుపొడి తెల్లని పొరను వదిలి వెళుతుంది. నీటితో కలిపి వాడే డిగ్రీజర్లు కార్ల సామాన్ల దుకాణాలలో దొరుకుతాయి. డబ్బా మీద ఎంత పలుచన చేయమని రాసి ఉందో అంతే పలుచన చేయాలి. ఘాటు ఎక్కువైతే అల్యూమినియం మీద మరకలు పడతాయి.

పని మొదట పొడిగా సాగాలి. అద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే జాలీని చూడండి. మన వీధుల్లో వేపచెట్టు, కానుగచెట్టు నీడన బండి నిలిపే అలవాటు మంచిదే గానీ, రాలిన ఆకులు, పూత అక్కడ చేరి, నీరు పోయే దారిని మూసేస్తాయి. వానాకాలంలో ఆ నీరు పోవడానికి దారి లేక ఏసీ బ్లోయర్ వైపుకు మళ్లి కారు లోపలికి దిగే సందర్భాలున్నాయి. ఆకులన్నీ చేత్తో తీసి, పక్కనున్న రంధ్రాల్లో ఏమీ అడ్డం లేదని చూసుకోండి. ఆ తరువాత మెత్తని పెయింట్ బ్రష్షుతో పైనుంచి కిందికి దుమ్ము దులపాలి. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే రెండో చేత్తో దాన్ని బ్రష్షుకు దగ్గరగా పట్టుకుంటే దుమ్ము ముఖం మీదికి లేవదు. నా అనుభవంలో, ఏటా తుడిచే బండిలో సగానికి పైగా మురికి ఈ పొడి పనితోనే పోతుంది.

ఇక్కడ ఎలుకల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. పొలాల అంచున వెలిసిన కొత్త కాలనీలలో, కోతలయ్యాక ఎలుకలు వెచ్చదనం కోసం బానెట్ కిందికి చేరతాయి. గుడ్డపీలికలు, గడ్డి, గింజలు కనిపిస్తే అక్కడ గూడు ఉందని అర్థం. ఎలుక పెంటికలను పొడిగా ఊడవకూడదు. వాటి మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ వంటి జబ్బులు వస్తాయి కనుక, తొడుగులు వేసుకుని, క్రిమిసంహారక ద్రావణంతో తడిపి, కాగితంతో ఎత్తి పారవేయాలి. తీగ కొరికి రాగి బయటపడితే దానికి ఇన్సులేషన్ టేపు చుట్టి ఊరుకోకండి, ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. పొగాకు ఆకులు, నాఫ్తలిన్ గోళీలు బానెట్ కింద పెట్టేవారిని చూశాను. ఎండిన ఆకు మానిఫోల్డ్ మీద పడినా, గోళీ కరిగి వేడిభాగం మీదికి జారినా మంటకు అవకాశం ఇచ్చినట్టే.

తడి పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగను విప్పాలి. చాలా బండ్లకు పది నంబర్ పానా సరిపోతుంది. నెగటివ్‌నే ముందు ఎందుకు విప్పాలంటే, పాజిటివ్ విప్పుతున్నప్పుడు పానా పొరపాటున బాడీకి తగిలితే, నెగటివ్ ఇంకా కలిసి ఉన్నందువల్ల షార్ట్ అయి నిప్పులు చిమ్ముతాయి. బిగించేటప్పుడు నెగటివ్ చివర రావాలి. నెగటివ్ బుడిపె మీద చిన్న సెన్సార్ ఉన్న బండ్లలో దాన్ని బలవంతంగా లాగకూడదు. బ్యాటరీ విప్పితే గడియారం, కిటికీల ఆటో పని, ఐడ్లింగ్ వంటివి మళ్లీ సర్దుకోవలసి రావచ్చు. విప్పడం ఇష్టం లేనివారు తడిని పూర్తిగా మానుకుని పొడి పనితోనూ, పిండిన గుడ్డతోనూ ఆపివేయవచ్చు. అందులో నష్టమేమీ లేదు. బ్యాటరీ బుడిపెల మీద తెల్లగానో, నీలిపచ్చగానో పొడి పేరుకుంటే, విప్పిన బిగింపు మీద గ్లాసెడు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపిన ద్రావణాన్ని పాత టూత్‌బ్రష్షుతో రాస్తే, యాసిడ్ నురగ వచ్చి శాంతిస్తుంది. ఆ ద్రావణం బ్యాటరీ మూతల్లోకి, గాలిరంధ్రాల్లోకి పోనివ్వకండి. తుడిచి ఆరాక కొంచెం వాజలైన్ రాయండి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్ల యజమానులకు ఒక మాట. బానెట్ కింద నారింజ రంగు తీగలు కనిపిస్తే అవి ప్రాణాంతకమైన వోల్టేజీని మోసే తీగలు. అక్కడ పొడిగుడ్డతో పైపై దుమ్ము తుడవడం దాటి ముందుకు పోకండి. గ్యాస్ కిట్ ఉన్న బండిలో వాసన ఏమాత్రం వచ్చినా పని ఆపి మెకానిక్‌ను పిలవాలి.

బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్స్, ఈసీయూ, కాయిల్స్, గాలి పీల్చే గొట్టం నోరు, బ్యాటరీ ఇవన్నీ ప్లాస్టిక్ సంచులతో కప్పి రబ్బరు బ్యాండ్లతో బిగించండి. ఆల్టర్నేటర్‌కు గాలి ఆడేందుకు చుట్టూ సందులుంటాయి కనుక నీరు నేరుగా లోపలికి పోతుంది. ఏ చోట ఎన్ని సంచులు కట్టారో ఫోన్‌లో ఫోటో తీసుకుంటే విప్పేటప్పుడు ఒకటి కూడా మరవకుండా ఉంటారు. మరచిన సంచి బెల్టులో చిక్కుకుంటే నష్టం పెద్దది. ఇంజిన్ ఆయిల్ మూత, డిప్‌స్టిక్, బ్రేక్ ఆయిల్ మూత గట్టిగా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

డిగ్రీజర్‌ను సాధ్యమైనంత వరకు బ్రష్షు మీదనో గుడ్డ మీదనో చల్లి రాయాలి, ఇంజిన్ మీద నేరుగా చల్లకండి. జానెడు స్థలం ఒక్కో సారి తీసుకుని, ఒకటి రెండు నిమిషాలు నాననిచ్చి, టూత్‌బ్రష్షుతో సున్నితంగా రుద్ది, తడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఆ తరువాతే పక్క స్థలానికి పోవాలి. మందు ఎండిపోకూడదు. బెల్టులకు, పుల్లీలకు డిగ్రీజర్ తగలనివ్వకండి. మెకానిక్ షెడ్లలో వాడే బనియన్ వేస్ట్ దారాలు వదులుతుంది, ఆ పోగులు సందుల్లో మిగిలిపోతాయి కనుక నేను దాన్ని సిఫారసు చేయను. చివరి తుడుపునకు బోరు నీళ్లు వద్దు. మన ప్రాంతపు బోరు నీటిలో లవణాలు ఎక్కువగా ఉండి, ఆరగానే తెల్లని చారలు మిగులుతాయి. మిషన్ భగీరథ నీరు వచ్చే ఇళ్లలో దాన్ని వాడుకోవచ్చు. ఇంట్లోని ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీటిని మాత్రం తీసుకోకండి, వడపోతలో విడిపోయిన లవణాలన్నీ దానిలోనే ఉంటాయి. మురికి నూనె కలిసిన ఈ నీటిని మోరీలోకి పోనిస్తే అది చివరికి ఏదో ఒక చెరువుకే చేరుతుంది. కింద పాత గోనెసంచి పరిచి తడిని పీల్పించి, దాన్ని చెత్తబండి వారికి విడిగా ఇవ్వండి. వడ్డేపల్లి చెరువును, భద్రకాళి చెరువును చూస్తూ పెరిగిన మనకు ఆ కొంత శ్రమ బరువు కాకూడదు.

రేడియేటర్ దగ్గర కొంచెం ఆగాలి. ముందు ఏసీ కండెన్సర్, దాని వెనుక రేడియేటర్ ఉంటాయి. రెండింటి అల్యూమినియం రెక్కలు వేలితో నొక్కినా వంగేంత పలుచగా ఉంటాయి. దూది, పొట్టు, పురుగులు వాటిలో అడ్డుపడితే మే నెలలో హనుమకొండ చౌరస్తాలో బండి ఆగి ఉన్నప్పుడు ఏసీ చల్లదనం తగ్గుతుంది, ఇంజిన్ వేడి సూచిక పైకి పోతుంది. కొందరు వెంటనే గ్యాస్ నింపించుకుంటారు, లోపం మాత్రం రెక్కల్లోనే ఉంటుంది. మెత్తని బ్రష్షును రెక్కల వరుస వెంబడే నడిపించి, అవకాశమున్న చోట ఇంజిన్ వైపు నుంచి బయటికి కుళాయి నీటిని మెల్లగా పోయాలి. గాలి ముందు నుంచి లోపలికి తెచ్చిన చెత్త వెనక్కి తోస్తేనే బయటికి వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ కాగితపు రకమైతే దాన్ని కడగకూడదు. నల్లబడితే మార్చడమే మార్గం. క్వారీ దారుల్లో తిరిగేవారు కంపెనీ చెప్పిన గడువు కంటే ముందుగానే తెరిచి చూస్తూ ఉండాలి.

తుడిచాక బానెట్ తెరిచి గాలికి వదలాలి. ఎండాకాలంలో రెండు మూడు గంటలు సరిపోవచ్చు, ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోకపోవడమే మేలు. ప్లాస్టిక్ భాగాలకు నల్లని మెరుపు కావాలనుకునేవారు నీటి ఆధారిత డ్రెస్సింగ్‌ను గుడ్డకు రాసి పలుచగా తుడవవచ్చు. జిడ్డుగా ఉండే రకం దుమ్మును మళ్లీ పట్టుకుంటుంది. బెల్టు మీద పడితే బెల్టు జారుతుంది. నా దృష్టిలో ఇది అవసరం లేని అలంకారమే గానీ, పలుచగా రాస్తే హాని లేదు.

సంచులన్నీ తీసి, గుడ్డలు, పానాలు ఏమీ లోపల మిగలలేదని చూసి, బ్యాటరీ బిగించి, ఆరుబయట స్టార్ట్ చేయండి. షెట్టరు మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి రంగూ లేదు వాసనా లేదు. పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి, చెక్ ఇంజిన్ దీపం వెలగలేదని, శబ్దం సమంగా ఉందని గమనించండి. ఇంజిన్ మిస్సింగ్ కొడితే కాయిల్ కింది గుంతలో నీరు నిలిచి ఉండవచ్చు. అలాగే నడిపితే మండని పెట్రోలు, పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్‌కు చేరి దాన్ని వేడెక్కించి పాడుచేస్తుంది. బండి ఆపి పూర్తిగా ఆరనివ్వండి, అప్పటికీ తగ్గకపోతే మెకానిక్‌కు చూపించండి. 2023 జూలై వరదల్లో వరంగల్ లోతట్టు కాలనీలలో మునిగిన బండ్ల వంటి వాటికి ఈ పద్ధతి వర్తించదు. నీట మునిగిన బండికి తాళం తిప్పవద్దు, టోయింగ్ బండిని పిలవండి. సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

ఇప్పుడు ఈ శ్రమకు ఫలం ఎక్కడుందో చెబుతాను. శుభ్రం చేసిన రోజున ఇంజిన్ పైమూత అయిన వాల్వ్ కవర్ చుట్టూ, ఆయిల్ ఫిల్టర్ దగ్గర, రేడియేటర్ గొట్టాల బిగింపుల దగ్గర, బ్యాటరీ కింద, వెలుతురులో ఫోటోలు తీయండి. రెండు వారాలు మామూలుగా నడిపి, అవే చోట్ల అదే కోణంలో మళ్లీ తీసి పోల్చండి. వాల్వ్ కవర్ అంచున గోధుమరంగు తడి మెరుస్తూ కిందికి జారి ఉంటే మూత కింద నూనె కారకుండా ఆపే గ్యాస్కెట్ వదులైందని అర్థం. ఆ నూనె మానిఫోల్డ్ మీదికి చేరితే పొగ వాసన వస్తుంది, మంటకూ దారితీయవచ్చు. గొట్టం బిగింపు దగ్గర ఆకుపచ్చగానో, గులాబీగానో పొడిబారిన మరక ఉంటే అది కూలెంట్ లీకు. ఇంతకు ముందు జిడ్డు పొర కింద నూనె కారింది ఎన్నేళ్ల క్రితమో, నిన్ననో చెప్పడం ఎవరి తరమూ కాదు, ఇప్పుడు మెకానిక్‌కు రెండు ఫోటోలు చూపిస్తే ఏ భాగం విప్పాలో ముందే తెలుస్తుంది, అనవసరంగా విప్పే పని తప్పుతుంది. బ్రేక్ ఆయిల్ డబ్బా గుర్తు కంటే మట్టం దిగి, దాని చుట్టూ గాని చక్రాల లోపలి వైపు గాని తడి కనిపిస్తే మాత్రం ఫోటో తీస్తూ కూర్చోకండి. ఆ బండిని ఇంటి గేటు దాటించకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించుకోండి.